ఫోరెన్సిక్ సైన్స్ పితామహుడు ఎవరు? ఇందులో మనవాళ్ల పాత్ర ఎంత?

మీరు అడిగింది ఇదీ: "ఒక పోటీ పరీక్షల పుస్తకంలో ఫోరెన్సిక్ సైన్స్ పితామహుడు ఓర్ఫిలా అని ఉంది, ఇంకోదాంట్లో లొకార్డ్ అని ఉంది, కోచింగ్‌లో సారేమో బెర్టిలాన్ అన్నారు. ఏది రైటు? అసలిది ఎక్కడ మొదలైంది? మన దేశం పాత్ర ఏమన్నా ఉందా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. విషాలను పట్టే శాస్త్రానికైతే ఓర్ఫిలా. పోలీసులకంటూ ఒక ప్రయోగశాల పెట్టినందుకైతే లొకార్డ్. ఒంటి కొలతలతో పాత నేరస్తుణ్ణి గుర్తుపట్టే పద్ధతికైతే బెర్టిలాన్. అన్నిటికీ కలిపి ఒకే పితామహుడంటూ లేడు. పరీక్షలో బిట్టు వస్తే, ప్రశ్నలో 'టాక్సికాలజీ' అన్న మాట ఉంటే ఓర్ఫిలా పెట్టండి, లేకపోతే లొకార్డ్ పెట్టండి. మూడో ప్రశ్నకి జవాబు: ఉంది, చిన్నది కాదు. వేలిముద్రల్ని వేల కాగితాల మధ్య వెతికి పట్టుకునే లెక్క కలకత్తాలో తయారైంది. తయారుచేసింది బెంగాల్ పోలీసులో పనిచేసిన ఇద్దరు సబ్-ఇన్‌స్పెక్టర్లు. వాళ్ల పేర్లు మన పుస్తకాల్లో ఉండాల్సినంతగా లేవు. ఈ జవాబు ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం అదే.

నేను ఉమ్మడి రాష్ట్రంలో వేలిముద్రల విభాగంలో చేరి, ముప్పై ఏళ్లు పైన అదే పని చేసి రిటైరయ్యాను. కాబట్టి వేలిముద్రల గురించి ఎక్కువ చెప్తాను, మిగతావి క్లుప్తంగా చెప్తాను.

ఇక ఎక్కడ మొదలైందన్న ప్రశ్న. చచ్చిపోయిన మనిషి ఒంటిని సాక్షిగా చూడటం చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో ఏడో అధ్యాయం మొత్తం దీనికే. దాని పేరు 'ఆశుమృతక పరీక్ష', అంటే హఠాత్తుగా చనిపోయినవాళ్ల పరీక్ష. శవానికి నూనె పట్టించి చూడమంటాడు. కాళ్లూ చేతులూ ఉబ్బి, కళ్లు తెరుచుకుని, గొంతు మీద గుర్తు ఉంటే ఊపిరాడకుండా చేశారని తెలుసుకోమంటాడు. విషమని అనుమానం వస్తే తినగా మిగిలిన అన్నాన్ని పక్షులకి పెట్టి చూడమంటాడు. గుండె దగ్గర నుంచి తీసిన పదార్థాన్ని నిప్పులో వేస్తే చిటచిటమని ఇంద్రధనుస్సు రంగులు వస్తే విషమే అంటాడు. ఆ చివరి పరీక్ష ఇవాళ ఎవరూ నమ్మరు. కానీ శవ పంచనామాకి వెళ్లే ఎస్సై ఇప్పుడు చూసే చోట్లే ఆయనా చూశాడు: మెడ, కళ్లు, చేతులు.

చైనాలో సాంగ్ త్సు అనే న్యాయాధికారి 1247లో శవపరీక్షల మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. అందులో ఒక హత్య కథ ఉంది. గాయం చూస్తే కొడవలి దెబ్బ. ఊళ్లో వాళ్లందరి కొడవళ్లూ తెప్పించి ఎండలో వరసగా పెట్టించారు. కడిగి తెచ్చినా సరే, ఒక్క కొడవలి మీదే ఈగలు ముసిరాయి. దాని యజమాని ఒప్పుకున్నాడు.

ఇవి గొప్ప పరిశీలనలు. నా మటుకు నేను వీటిని శాస్త్రం అనను. ఒకడు చేసిన పరీక్షని ఇంకొకడు, వేరే ఊళ్లో, వేరే రోజు మళ్లీ చేసి తప్పో ఒప్పో తేల్చగలగాలి. అది విషాలతో మొదలైంది.

మన ఊళ్లలో 'పాషాణం' అంటారే, తెల్ల పాషాణం, అదే ఆర్సెనిక్. రుచి ఉండదు, వాసన ఉండదు, ఎలకల మందు పేరుతో ఎవరైనా కొనుక్కోవచ్చు. చనిపోయినవాడికి వాంతులు, విరేచనాలు అయితే కలరా అనుకుని దహనం చేసేవాళ్లు. 1833లో ఇంగ్లండులో జాన్ బోడిల్ అనే కుర్రాడు తాతకి కాఫీలో ఇది కలిపాడని కేసు పెట్టారు. జేమ్స్ మార్ష్ అనే రసాయన శాస్త్రవేత్త అప్పటి పద్ధతిలో పరీక్ష చేసి, ఆర్సెనిక్ ఉందని చూపే పసుపు మడ్డి తెప్పించాడు. కానీ జ్యూరీకి చూపించే సమయానికి అది పాడైపోయింది. ముద్దాయి విడుదలయ్యాడు, తర్వాత తనే చేశానని ఒప్పుకున్నాడు. మార్ష్‌కి ఇది మనసులో పడిపోయింది. 1836లో కొత్త పరీక్ష ప్రచురించాడు: అనుమానం ఉన్న ద్రవంలో జింకు, ఆమ్లం కలుపుతారు. ఆర్సెనిక్ ఉంటే అది వాయువుగా మారి బయటికొస్తుంది. ఆ వాయువు వెళ్లే గాజు గొట్టాన్ని వేడి చేస్తే లోపల నల్లగా, అద్దంలా మెరిసే పూత కడుతుంది. ఆ గొట్టాన్ని అలాగే కోర్టుకి తీసుకెళ్లి చూపించవచ్చు.

నాలుగేళ్లకి ఫ్రాన్సులో లఫార్జ్ కేసు వచ్చింది. 1840 జనవరిలో శార్ల్ లఫార్జ్ చనిపోయాడు, భార్య మారీ మీద అనుమానం. ఎలకల కోసమని ఆమె ఆర్సెనిక్ కొన్నది నిజం. స్థానిక రసాయన నిపుణులు పరీక్షలు చేసి ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్పారు. శవాన్ని తవ్వి తీసి చూసినా దొరకలేదన్నారు. అప్పుడు పారిస్ నుంచి ఓర్ఫిలాని పిలిపించారు. ఆయన పూర్తి పేరు మాత్యూ ఓర్ఫిలా, పుట్టింది స్పెయిన్‌లోని మినోర్కా ద్వీపంలో, విషాల మీద పెద్ద గ్రంథం 1814 నుంచి ప్రచురించినవాడు. అదే నమూనాల్లో ఆర్సెనిక్ ఉందని ఆయన చూపించాడు. ముందు చేసినవాళ్లకి పరీక్ష సరిగా చేయడం రాలేదని తేలింది. మారీకి యావజ్జీవ శిక్ష పడింది.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఆర్సెనిక్ దొరకడం కాదు. శ్మశానంలో మట్టిని కూడా ఓర్ఫిలా పరీక్షించాడు. ఆ విషం మట్టిలోంచి శవంలోకి రాలేదని ముందు తేల్చుకున్నాడు. ఇవాళ మన ఆసుపత్రుల్లో పోస్టుమార్టం తర్వాత విసెరాని (లోపలి అవయవాల ముక్కల్ని) ఉప్పు ద్రావణంలో పెట్టి ల్యాబ్‌కి పంపేటప్పుడు, ఆ ఉప్పు ద్రావణం నమూనాని విడిగా ఇంకో సీసాలో పంపుతారు, గమనించారా? విషం ఆ ద్రావణంలోంచి రాలేదని చూపించడానికి. ఓర్ఫిలా చేసిన పనే అది.

ఇక్కడ మన సంబంధం ఒకటి చెప్పాలి. లఫార్జ్ కేసు అయిన తొమ్మిదేళ్లకే, 1849లో, మద్రాసులో కెమికల్ ఎగ్జామినర్ ల్యాబ్, అంటే విషాల్ని పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాల, పెట్టారు. మన దేశంలో ఇలాంటివాటిలో అదే మొదటిది. కలకత్తాలో 1853లో, ఆగ్రాలో 1864లో, బొంబాయిలో 1870లో వచ్చాయి. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే.

ఇప్పుడు నా విషయానికి వస్తాను.

1858 జులైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డు పనికి కంకర తోలే కాంట్రాక్టు రాయించుకుంటూ, రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతికి సిరా పూసి కాగితం వెనక ముద్ర వేయించుకున్నాడు. అప్పటికి ఆయన ఉద్దేశం గుర్తించడం కాదు. "ఆ సంతకం నాది కాదు" అని తర్వాత బుకాయించకుండా భయపెట్టడం. తర్వాత ఏళ్ల తరబడి ముద్రలు సేకరించి చూస్తే, మనిషి ముసలివాడైనా గీతలు మారడం లేదని ఆయనకి అర్థమైంది. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు పెన్షన్ల దగ్గర, దస్తావేజుల రిజిస్ట్రేషన్ దగ్గర, జైల్లో వేలిముద్రలు పెట్టించాడు. మీరు ఎప్పుడైనా పొలమో ఇల్లో కొనడానికి సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి ఎడమ బొటనవేలు ముద్ర వేసి ఉంటే, దాని మూలం హుగ్లీలో ఉంది. "వాడు వేలిముద్రగాడు" అని మనం చదువురానివాణ్ణి తక్కువగా అంటాం. కోర్టులో నేను చూసినంతలో సంతకాన్ని కాదన్నవాళ్లు ఎంతోమంది. సరిగ్గా పడిన వేలిముద్రని కాదని నిలబెట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు.

టోక్యోలో డాక్టరుగా ఉన్న హెన్రీ ఫాల్డ్స్ అనే స్కాట్లండ్ ఆయన 1880 అక్టోబరులో నేచర్ పత్రికకి రాసిన ఉత్తరంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు: నేరం జరిగిన చోట దొరికిన ముద్రలతో దొంగని పట్టవచ్చు అన్నాడు. తెల్ల గోడ మీద పడిన మసి వేళ్ల గుర్తులు ఒక మనిషి నిర్దోషి అని చూపడానికి పనికొచ్చాయని అందులోనే రాశాడు. తర్వాత హెర్షెల్‌కీ ఫాల్డ్స్‌కీ మధ్య ఎవరు ముందు అన్న గొడవ చాలా ఏళ్లు నడిచింది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1892లో పుస్తకం వేసి, గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న సూక్ష్మ బిందువులతో పోల్చడం నేర్పాడు. రెండు వేళ్లు ఒకేలా ఉండే అవకాశం 6,400 కోట్లలో ఒకటని లెక్క కట్టాడు. అదే 1892లో అర్జెంటీనాలోని నెకోచియాలో ఫ్రాన్సిస్కా రోహాస్ అనే ఆమె తన ఇద్దరు పిల్లల్ని పక్కింటివాడు చంపాడని చెప్పింది. తలుపు మీద నెత్తుటి ముద్ర ఆమెదే అని తేలింది, ఆమె ఒప్పుకుంది. ఆ పద్ధతి తయారుచేసింది హువాన్ వుసెటిచ్.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయటివాళ్లకి ఇది తట్టదు. రెండు ముద్రలు పక్కపక్కన పెట్టి ఒకటా కాదా చెప్పడం ఒక పని. ఎవరిదో తెలియని పది వేళ్ల ముద్రల కాగితం, మేం స్లిప్పు అంటాం, మీ చేతిలో ఉంది, బీరువాల్లో లక్ష స్లిప్పులున్నాయి. ఎలా వెతుకుతారు? ఒక్కొక్కటీ చూస్తూ పోతే జన్మ చాలదు. స్లిప్పులకి అకారాది క్రమం లేదు. ఉన్నా దొంగ తన పేరు నిజం చెప్పడు కదా.

పారిస్‌లో 1879లో గుమాస్తాగా చేరిన అల్ఫాన్స్ బెర్టిలాన్‌కి వచ్చిన చిక్కూ ఇదే. ఆయన తల పొడవు, మధ్యవేలు, పాదం, మోచేయి వంటి 11 కొలతలతో దాన్ని దాటాడు. బెంగాల్ పోలీసులూ మొదట అదే వాడారు. కానీ ఒక జమేదారు కొలిచినదానికీ ఇంకొకరు కొలిచినదానికీ తేడా వచ్చేది. 1891లో బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన ఎడ్వర్డ్ హెన్రీ వేలిముద్రల వైపు మళ్లాడు. ఆయన కింద పనిచేసినవాళ్లే ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. హక్ ప్రెసిడెన్సీ కాలేజీలో గణితం చదివినవాడు.

వాళ్ల లెక్క ఎంత చక్కటిదో చూడండి. వేలి మీద సుడి ఉందా లేదా అని మాత్రమే అడగాలి. పది వేళ్లనీ జతలు చేసి, కుడి బొటనవేలు, చూపుడువేలికి 16 చొప్పున, కుడి మధ్యవేలు, ఉంగరపువేలికి 8 చొప్పున, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలికి 4 చొప్పున, ఎడమ చూపుడు, మధ్యవేళ్లకి 2 చొప్పున, ఎడమ ఉంగరపు, చిటికెనవేళ్లకి 1 చొప్పున ఇస్తారు. సుడి ఉంటేనే ఆ విలువ, లేకపోతే సున్నా. కుడి బొటనవేలు ఒకటి, ఎడమ చిటికెనవేలు పది అని లెక్కపెడితే, ఆ వరసలో సరిసంఖ్య వేళ్ల మొత్తం పైన, బేసిసంఖ్య వేళ్ల మొత్తం కింద, రెండిటికీ ఒకటి కలపాలి. 32 ఇంటూ 32, మొత్తం 1,024 గళ్లు. లక్ష స్లిప్పుల్లో వెతికే పని ఒక గడిలో వెతికే పని అవుతుంది. ఆ గడిలోనూ ఎక్కువైతే లూపుల్లో (వచ్చిన వైపుకే వంగి తిరిగిపోయే గీతల్లో) గీతలు లెక్కపెట్టి ఇంకా చిన్న గుంపులు చేస్తారు. ఇంకా లోపలి వర్గాలు చేయడంలో, ముద్రని అంకెల్లోకి మార్చి టెలిగ్రాఫ్‌లో పంపే సంకేతాల్లో హేమచంద్ర బోస్ పని చాలా ఉంది.

1897లో కలకత్తాలో ప్రపంచంలోనే మొదటి వేలిముద్రల బ్యూరో పెట్టారు. హెన్రీ 1901లో లండన్ వెళ్లి అక్కడి పోలీసు కేంద్రమైన స్కాట్లండ్ యార్డ్‌లో అదే పద్ధతి పెట్టాడు. ప్రపంచమంతా అది 'హెన్రీ సిస్టం'గానే పాకింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నాకు నేర్పిన పుస్తకంలోనూ ఆ పేరే. హక్‌కి ఖాన్ బహదూర్, బోస్‌కి రాయ్ బహదూర్ బిరుదులు వచ్చాయి గానీ, పద్ధతికి వాళ్ల పేర్లు పెట్టలేదు. హక్ చేసిన సాయం తన సిబ్బందిలో ఇంకెవరూ చేయలేదని హెన్రీ చాలా ఏళ్ల తర్వాత రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. ఇప్పుడు బ్రిటన్‌లోని ఫింగర్‌ప్రింట్ సొసైటీ వాళ్లిద్దరి పేర్ల మీద ఒక బహుమతి ఇస్తోంది. మీరు నోట్సు రాసుకునేటప్పుడు దయచేసి ఈ రెండు పేర్లూ రాసుకోండి.

ఆ బ్యూరో తొలినాళ్ల కేసు ఒకటి చెప్తాను. జల్పాయ్‌గురి జిల్లాలో ఒక తేయాకు తోట మేనేజరుని మంచం మీదే గొంతు కోసి చంపారు. పెట్టె పగలగొట్టి డబ్బు తీసుకెళ్లారు. వంటవాడి బట్టల మీద నెత్తురు ఉంది, అతనేమో పావురాన్ని కోశానన్నాడు. కూలీల మీద అనుమానం, కాబూలీల (అఫ్గాన్ వ్యాపారుల) మీద అనుమానం. పెట్టెలో కాగితాల మధ్య నీలం అట్ట ఉన్న బెంగాలీ పంచాంగం దొరికింది. అట్ట మీద గోధుమరంగు మరకలు రెండు. వాటిలో ఒకటి కుడి బొటనవేలు ముద్ర. కలకత్తా బ్యూరోలో వెతికితే, అదే మేనేజరు ఇంట్లో అంతకుముందు దొంగతనం చేసి జైలుకెళ్లిన పాత నౌకరు కంగాలీ చరణ్ స్లిప్పుతో కలిసింది. ఆ మరక నెత్తురేనని రసాయన పరీక్షలో తేలింది.

1898లో తీర్పు వచ్చింది. దొంగతనానికి శిక్ష వేశారు, హత్యకి వేయలేదు. చంపడం చూసినవాళ్లు లేరు, ముద్ర ఒక్కదాని మీద ప్రాణం తీయడం సరికాదని అనుకున్నారు. చాలామంది దీన్ని కోర్టు పిరికితనంగా చెప్తారు. నేను అలా అనుకోను. ముద్ర చెప్పేది ఒక్కటే: ఈ వేలు ఇక్కడ తగిలింది. ఎప్పుడు, ఎందుకు అన్నది అది చెప్పదు. నేను బోనులో నిలబడ్డ ప్రతిసారీ డిఫెన్సు లాయరు ఇదే అడిగేవాడు, అడగడం న్యాయమే. ఆ మరుసటి ఏడే, 1899లో, సాక్ష్యాధారాల చట్టం 45వ సెక్షన్‌లో వేలిముద్రల నిపుణుల అభిప్రాయాన్ని చేర్చారు. ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియమంలో 39వ సెక్షన్.

నా అనుభవంలోంచి రెండు చెప్తాను. ఒక మండల కేంద్రంలో బీరువాలో బంగారం పోయింది. ఇంటివాళ్లు పనిమనిషి కొడుకు మీద చెప్పారు, ఆ కుర్రాణ్ణి అప్పటికే స్టేషన్లో కూర్చోబెట్టారు. బీరువా అద్దం మీద పౌడరు అద్ది బ్రష్‌తో నెమ్మదిగా దులిపితే ఆరు ముద్రలు లేచాయి. ఇంట్లో వాళ్లందరి ముద్రలూ తీసుకుని పక్కన పెడితే నాలుగు వాళ్లవే. మిగతా రెండూ ఆ కుర్రాడివి కావు. ఆ రాత్రే వాణ్ణి ఇంటికి పంపారు. అసలువాడు దొరకడానికి ఇంకో ఏడు నెలలు పట్టింది, వేరే జిల్లాలో ఇంకో కేసులో పట్టుబడితే స్లిప్పు కలిసింది. ఇవాళ క్లూస్ టీమ్ వాళ్లు చేసేదీ ఇదే: ముందు ఇంటివాళ్లని తీసేయాలి. ఫాల్డ్స్ గోడ మీద మసి గుర్తులతో చేసింది అదే పని.

రెండోది నా పొరపాటు. చేరిన రెండో ఏడు. ఒక ఛాన్స్ ప్రింట్‌లో, అంటే నేరం జరిగిన చోట దొరికిన ముద్రలో, అనుమానితుడి ముద్రతో ఏడు బిందువులు కలిశాయి, నేను 'ఒకటే' అని రాసేశాను. మా సీనియరు భూతద్దం కింద సూది మొన పెట్టి, ఒక గీత దగ్గర ఆగారు. "ఇక్కడ దీంట్లో గీత ఆగిపోయింది. దాంట్లో సాగిపోయింది. కారణం చెప్పు" అన్నారు. సిరా ఎక్కువైందన్నాను. ఆ మనిషి ముద్ర మళ్లీ తెప్పించారు. గీత అలాగే సాగి ఉంది. వేరే మనిషి. కలిసిన బిందువులు ఎన్ని ఉన్నా, కారణం చెప్పలేని తేడా ఒక్కటుంటే చాలు, అది అతనిది కాదు. ఆ సీనియరు లేకపోతే ఒక అమాయకుడు నా రాతవల్ల జైల్లో ఉండేవాడు. ఆ రోజు నుంచి రెండో కన్ను చూడకుండా ఏ రిపోర్టూ పంపలేదు.

అందుకే బెర్టిలాన్ కథలో రెండో సగం కూడా తెలుసుకోవాలి. కొలతల్లో అంత పేరు తెచ్చుకున్న మనిషి 1894లో డ్రైఫస్ అనే ఫ్రెంచి సైనికాధికారి జర్మనీకి రహస్యాలు చేరవేశాడన్న కేసులో చేతిరాత నిపుణుడిగా నిలబడి, దొరికిన కాగితం మీది రాత డ్రైఫస్‌దే అన్నాడు. అది తప్పు. డ్రైఫస్ దూరద్వీపంలో ఏళ్ల తరబడి మగ్గాడు, నిర్దోషి అని 1906లో తేలింది. ఒక విద్యలో నేర్పరితనం ఇంకో విద్యలోకి బదిలీ కాదు.

మిగతావాళ్ల గురించి త్వరగా చెప్తాను. ఆస్ట్రియాలో మేజిస్ట్రేటుగా పనిచేసిన హాన్స్ గ్రాస్ 1893లో దర్యాప్తు అధికారుల కోసం పెద్ద పుస్తకం రాశాడు. నేరం జరిగిన చోట దుమ్ము, జుట్టు, బురద, అన్నీ ఎలా చూడాలో అందులో ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది లండన్ వాళ్లు కాదు, మద్రాసులో పబ్లిక్ ప్రాసిక్యూటర్లుగా ఉన్న జాన్ ఆడం, కాలియర్ ఆడం. 1906లో మద్రాసులోనే అచ్చయింది. నెత్తురు మనిషిదా జంతువుదా చెప్పే పరీక్షని 1901లో జర్మనీలో పాల్ ఊలెన్‌హూత్ కనిపెట్టాడు. పావురం నెత్తురన్న ఆ వంటవాడి మాట నిజమో కాదో తేల్చే దారి అప్పటికి వచ్చింది. అదే ఏడు కార్ల్ లాండ్‌స్టైనర్ బ్లడ్ గ్రూపులు ప్రచురించాడు. ఎడ్మండ్ లొకార్డ్ 1910లో ఫ్రాన్సులోని లియోన్ కోర్టు భవనం అటక మీద రెండు గదుల్లో ప్రయోగశాల మొదలుపెట్టాడు. రెండు వస్తువులు తగిలితే ఒకదానిది కొంత ఇంకోదానికి అంటుకుంటుందన్న సూత్రం ఆయనదే. డీఎన్ఏ సంగతి మీకు తెలిసే ఉంటుంది: దానితో మనిషిని గుర్తించే పద్ధతిని 1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్, 1988లో మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో లాల్జీ సింగ్ తయారుచేశారు. ఇంగ్లండులో డీఎన్ఏ వాడిన మొదటి హత్యకేసులో ముందు జరిగింది, పోలీసులు పట్టుకున్న కుర్రాడు నేరం చేయలేదని తేలడం.

చివరగా, మీరు దీన్ని కోర్సుగా చదవాలనుకుంటున్నానని ప్రశ్న కింద రాశారు. అయితే ఇవాళే ఒక పని చేయండి. స్టాంపు ప్యాడ్ తీసుకుని, వేలిని గోరు ఒక అంచు నుంచి రెండో అంచు దాకా దొర్లిస్తూ, పది వేళ్లూ తెల్లకాగితం మీద వేయండి. సిరా పలచగా ఉండాలి, నొక్కకూడదు. తర్వాత పైన చెప్పిన హక్ లెక్క కట్టండి. నాకు కుడి బొటనవేలు, కుడి ఉంగరపువేలు, ఎడమ బొటనవేలు మీద సుడులున్నాయి. పైన 8, 4, ఒకటి కలిపితే 13. కింద 16, ఒకటి కలిపితే 17. కాబట్టి నా స్లిప్పు 13/17 గడిలో ఉంటుంది. మీది ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, సుడో లూపో తేల్చుకోలేని వేలు ఏదైనా ఉంటే ఫోటో పెట్టకుండా గీత ఎటు తిరిగిందో మాటల్లో చెప్పండి. వేలిముద్ర ఫోటోలు ఎక్కడా బహిరంగంగా పెట్టకండి.